ఖాళీ గిన్నె పంపకూడదట

ఆగస్టు 4, సోమవారం. మదనపల్లె

మా నాన్న ఈ రోజు ఒక ముసలావిడకు మోకాళ్ళ నొప్పుల మాత్రలతో పాటు నన్ను కూడా ఇచ్చి పంపాడు.

కోపం వస్తే రాసుకోమని, పెళ్లి కుదిరిన పిల్ల అందరి మీదా అరవకూడదని, మా స్కూల్లో తోటి టీచరు రేష్మ స్టాఫ్ రూములో ఈ డైరీ చేతికిచ్చింది. కోపం ఏమీ తగ్గడం లేదు. పెన్ను మాత్రం బాగా రాస్తోంది.

జరిగింది ఇది. నాన్న ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటాడు. పుంగనూరు నుంచి వచ్చిన ఒకావిడ మాత్రలు తీసుకుని, వెనక జనం ఉన్నారని కూడా చూడకుండా, "నా మనవరాలు ఈ ఊర్లోనే యాడనో ఉండాది నాయనా, ఎవాంజెలిన్ అని పేరు, చంటిబిడ్డప్పుడు నేను చూసింది" అందట. వేరే ఎవరైనా అయితే "అట్లనా అమ్మా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అని పంపేసేవాళ్ళు. మా నాన్న లేచి నిలబడి, "మా పాపేనమ్మా" అన్నాడట. అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ సంచి మోసుకుని బస్టాండుకు వెళ్ళాడు, టవలు వేసి సీటు పట్టాడు, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు, మా ఇల్లు ఎక్కడో గుర్తులతో సహా చెప్పి వచ్చాడు.

ఆవిడ పుష్పమ్మ. ప్రకాష్ బాబు తల్లి. ప్రకాష్ బాబు నన్ను కన్న మనిషి. నాకు రెండేళ్ళప్పుడు బెంగళూరులో పని చూసుకుని వస్తానని వెళ్ళాడు. ఇంకా చూసుకుంటూనే ఉన్నట్టున్నాడు. విడాకులయ్యాక అమ్మ జయరత్నాన్ని చేసుకుంది. నేను ఒకటో తరగతిలో ఉండగా ఆయన కోర్టుకు వెళ్ళి నన్ను దత్తత తీసుకున్నాడు. అప్పటి నుంచి నేను జె. ఎవాంజెలిన్. అంతకు ముందు ఎవరినో నాకు గుర్తు లేదు, గుర్తు చేసుకునే తీరికా లేదు.

"యాల చెప్పినావు నాన్నా?" అన్నాను.

"అడిగింది కదా పాపా."

"అడగలేదు. ఊరికే చెప్పింది."

"నిలబడి చెప్పింది పాపా. మోకాళ్ళ నొప్పులు ఆమెకు."

ఈయనతో వచ్చిన చిక్కే ఇది. బస్సులో ఎవరు ఎక్కినా లేచి సీటు ఇచ్చేస్తాడు. ఒకసారి కాలేజీ కుర్రాడికి ఇచ్చాడు, వాడి మొహం వాడిపోయి ఉందని. రేషన్ షాపు దగ్గర ముందు నిలబడ్డ మనిషి చివరికి అందరికంటే వెనక ఇంటికొస్తాడు. ఇలాంటి మనిషి దగ్గర అడ్రసు దాగుతుందా.

ఆగస్టు 9, శనివారం

పుంగనూరు బస్సు కండక్టర్ శంకరప్ప ఫోన్ చేశాడు, పుష్పమ్మ గిన్నె పంపింది తీసుకుపొమ్మని. స్టీలు గిన్నె, మూత మీద గుడ్డ కట్టి ఉంది. గుడ్డ ముడి ఎవరో విప్పి మళ్ళీ కట్టినట్టు ఉంది.

"ఓళిగలమ్మా. మూత వదులుగా ఉండె. పడిపోతాదేమోనని ఒకటి నేనే తింటిని" అన్నాడు శంకరప్ప.

ఇంట్లో చెప్పేశాను. బొబ్బట్లయినా సరే, ఆ ఇంటి నుంచి వచ్చింది ఏదీ నేను ముట్టుకోను.

ఆగస్టు 10, ఆదివారం

ముట్టుకోలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఒకటి తిన్నాను. పాడైపోయాయేమో ఎవరో ఒకరు చూడాలి కదా. అమ్మకు షుగరు, ఆమె చూడలేదు. పాడవలేదు.

ఆగస్టు 12, మంగళవారం

మళ్ళీ చూశాను. ఇంకా పాడవలేదు.

ఆగస్టు 13, బుధవారం

గిన్నె కడిగి బోర్లించి ఉంది. శంకరప్పకు ఇచ్చేస్తే ఈ గొడవ వదిలిపోతుంది కదా అని సంచిలో పెట్టుకున్నాను. అమ్మ చేతిలోంచి లాక్కుంది.

"ఖాళీ గిన్నె ఎట్లా పంపుతావే?"

నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో అమ్మ పడిన పాట్లు అన్నీ నేను విన్నాను. మొగుడు వెళ్ళిపోతే, నీ వల్లే పోయాడని చంటిపిల్లతో సహా పుట్టింటికి పంపించారు. ఆ గిన్నెను గోడకేసి కొట్టాల్సిన మనిషి అమ్మ.

"వాళ్ళ మొహం చూడను. వాళ్ళ గడప తొక్కను. ఖాళీ గిన్నె మాత్రం పంపను" అంది అమ్మ. "ఈ రెజీనా ఇంట్లో ఏమీ లేదని ఆ ముసల్ది అనుకోకూడదు."

నాన్న వైపు చూశాను. ఆయన ఖాళీ గిన్నె అన్న మాటకే చెవులు మూసుకునేలా ఉన్నాడు.

క్రిస్మస్‌కు తప్ప గులాబీ పువ్వులు వండని మా అమ్మ ఆగస్టులో అటక మీద నుంచి అచ్చు దింపించింది. విరిగినవన్నీ మాకు, బాగున్నవన్నీ పుంగనూరుకు.

ఆగస్టు 23, శనివారం

గిన్నె తిరిగొచ్చింది. నువ్వుల ఉండలు.

"పువ్వులు బలే కరకరమంటాండాయని చెప్పమనింది అవ్వ" అన్నాడు శంకరప్ప. "నేను కూడా అదే అంటిని."

నేను పిల్లలకు లెక్కలు చెప్తాను. ఇలాంటిదాన్ని అనంత శ్రేణి అంటారు. ఎక్కడో ఒక చోట సున్నా వస్తే తప్ప ఇది ఆగదు. ఆ సున్నా వేయడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రావడం లేదు.

ఆగస్టు 30, శనివారం

ఈసారి గిన్నె నింపే బాధ్యత నేను తీసుకున్నాను. బేకరీలో బన్నులు కొని పెట్టి పంపాను. చేసిపెట్టే ఓపిక లేదు, మీరంటే మాకు ఇంతే, అని దాని అర్థం. ఎంత మొద్దు మనిషికైనా తెలుస్తుంది.

సెప్టెంబరు 6, శనివారం

తెలియలేదు. గిన్నె నిండా నాటుకోడి పులుసు.

"పండ్లు లేని ముసల్దాన్నని తెలుసుకోని నా మనవరాలు మెత్తటి బన్నులు పంపిందని వీధి వీధంతా చెప్తాండాదమ్మా" అన్నాడు శంకరప్ప. అతని కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పులుసు కారానికి అయ్యుండొచ్చు.

పులుసు నేను తినలేదు. అన్నంలో కొంచెం కలుపుకున్నాను, అంతే.

సెప్టెంబరు 13, శనివారం

ఇది నా చేతులు దాటిపోయింది. వాళ్ళ గిన్నెకు కోడి పులుసు వాసన పోలేదని, అందులో తీపి పెడితే బాగుండదని, అమ్మ కజ్జికాయలు మా గిన్నెలో పెట్టి పంపింది. ఇప్పుడు వాళ్ళ గిన్నె మా దగ్గర, మా గిన్నె వాళ్ళ దగ్గర. రెండూ తిరగాలి. రెండూ నిండుగా తిరగాలి.

సెప్టెంబరు 20, శనివారం

స్కూలుకు వచ్చాడు ఒకాయన. ప్రకాష్ బాబు తమ్ముడు, రూబెన్. హెడ్‌మిస్ట్రెస్‌కు "పాప చిన్నాయనను" అని చెప్పుకుని, కాఫీ తాగేసి, నా క్లాసు అయ్యే దాకా కూర్చున్నాడు. పుంగనూరులో ఫ్లెక్సీలు వేసే షాపు ఉందట.

"పెళ్లికి చర్చి గేటు దగ్గర కట్టేదానికి ఒకటి చేసినా. సూడు పాపా" అని ఫోను చూపించాడు.

మధ్యలో నేను. నన్ను చేసుకోబోయే మహేష్ ఎక్కడో పెట్టుకున్న ఫోటోలోంచి నన్ను కత్తిరించినట్టున్నారు, నా భుజం మీద మహేష్ చెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఒక పక్క నల్ల కళ్ళద్దాల మనిషి. ప్రకాష్ బాబు ఫోటో చూడటం నాకు ఇదే మొదటిసారి. ముక్కు నాదే. చాలా చికాకు వేసింది. ఇంకో పక్క పుష్పమ్మ. కింద వరసలో నాకు తెలియని తలకాయలు. పైన 'మా ఇంటి ఆడబిడ్డకు వివాహ శుభాకాంక్షలు'. కుడి మూలలో యూనిఫాంలో శంకరప్ప.

"మా అమ్మానాన్నలు ఏరి?" అన్నాను.

"జాగా చాలలేదు పాపా."

శంకరప్పకు చాలింది.

"చూడండి, మీతో నాకు ఏ సంబంధం లేదు. కోర్టు కాగితాలున్నాయి. ఈ గిన్నెలూ వద్దు, ఫ్లెక్సీలూ వద్దు. నాకు ఇష్టం లేదు" అన్నాను. టీచరు గొంతుతోనే అన్నాను. పక్క క్లాసు పిల్లలు కూడా నోరు మూసుకున్నారు.

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. "సరే పాపా. నీకు ఇష్టం లేకపోతే యాల చేస్తాం. నీలం తీసేసి గులాబి రంగు వేస్తాలే" అన్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

మహేష్ కుప్పం నుంచి ఫోన్ చేశాడు. అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఏదైనా తూకంగా మాట్లాడాలనుకుంటాడు. "ఇద్దరు నాయనలు ఉంటే తప్పేముంది, వాళ్ళు కూడా రానీలే" అన్నాడు.

"ఒక్కడే" అని ఫోన్ పెట్టేశాను.

కాసేపటికి మెసేజ్ పెట్టాడు. సారీ, ఒక్కడే. కింద ఇంకో లైను. నువ్వుల ఉండలు మిగిలినాయా.

అక్టోబరు 18, శనివారం

కొత్త క్యారియర్ వచ్చింది. అద్దంలా మెరుస్తున్న పెద్ద స్టీలు క్యారియర్. అన్ని గిన్నెల్లోనూ ఏదో ఒకటి. శంకరప్ప ఈసారి ముట్టుకోలేదు. "పెండ్లి సారె కదమ్మా, తప్పు" అన్నాడు. పై మూత మీద పువ్వు చెక్కించి, పువ్వు కింద పేరు కొట్టించారు.

పి. ఎవాంజెలిన్.

అమ్మ చూసింది, నేను చూశాను. నాన్న ఆ 'పి' మీద బొటనవేలితో కొంచెంసేపు రుద్దాడు.

ఆ తర్వాత ఫోను. పుష్పమ్మ గారు. నాన్నకు స్పీకరు ఆపడం రాదు కాబట్టి అందరం విన్నాము.

"జయరత్నం, నువ్వు మంచోడివి నాయనా. బిడ్డను పెంచినావు, చదివించినావు. నేను కాదనను. ఒక్కటి అడుగుతా. పెండ్లినాడు చర్చి గుమ్మం కాడి నుంచి అయ్యగారి ముందు దాకా పాప చెయ్యి పట్టుకోని నా కొడుకును నడవనీ. వాడు వస్తానన్నాడు. ఆ నాలుగు అడుగులు వాడికియ్యి. మిగిలిందంతా నీదే కదా."

నాన్న లేచి నిలబడి ఉన్నాడు. ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా ఆవిడకు లేచి నిలబడతాడు.

"ఆలోచించి చెప్తానమ్మా" అన్నాడు.

ఆలోచించడానికి ఏముంది అని అరిచాను. పెద్దామె పాపా, అన్నాడు. ఆవిడ పెద్దదైతే నన్నిచ్చేస్తావా అన్నాను.

నాకు భయం వేస్తోంది. చిన్నప్పుడు సండే స్కూలు నాటకం రోజు ఆ గుమ్మంలోనే నన్ను ఎత్తుకుని నిలబడ్డాడు, జ్వరం వస్తే ఆస్పత్రి వరండాలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, సైకిల్ నేర్పుతూ మోకాలు కొట్టించుకున్నాడు. ఆ మనిషి పక్కన తప్ప నేను నడవను. కానీ ఎవరు నిలబడి అడిగినా లేచి సీటు ఇచ్చేసే మనిషి ఆయన. ఈ సీటు కూడా ఇచ్చేస్తాడేమో.

అక్టోబరు 22, బుధవారం

నాన్న ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే 'ఇచ్చేద్దాం పాపా' అంటాడేమో. అడగనంత వరకు అనడు.

అక్టోబరు 25, శనివారం

నాకేం పట్టలేదు. ఎవరు నడిపిస్తే ఏమిటి. కాళ్ళు నావే కదా.

అక్టోబరు 26, ఆదివారం

పైన రాసింది అబద్ధం.

అక్టోబరు 29, బుధవారం

పొద్దున్నే బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. నాన్న అక్కడున్నాడు. కుడి మోచెయ్యి వంచి, ఆ చేతికి పుంగనూరు క్యారియర్ తగిలించుకుని, వీపు నిటారుగా పెట్టి, జామచెట్టు దగ్గర నుంచి నీళ్ళ తొట్టి దాకా చాలా మెల్లగా నడుస్తున్నాడు. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు. తొట్టి దగ్గర ఆగి, క్యారియర్ వైపు తిరిగి, కొంచెం తల వంచాడు.

నన్ను చూశాడు.

"బరువు ఎంత ఉండాదో చూస్తాండా పాపా" అన్నాడు.

బట్టలు ఆరేయకుండానే లోపలికొచ్చేశాను. అమ్మ ఎందుకు ఏడుస్తున్నావంటే ఉల్లిపాయలన్నాను. అమ్మ అప్పుడు ఉప్మాకు రవ్వ వేయిస్తోంది.

నవంబరు 2, ఆదివారం

చర్చిలో మా పెళ్లి ప్రకటన మొదటిసారి చదివారు. 'జయరత్నం, రెజీనాల కుమార్తె ఎవాంజెలిన్'. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయమని అయ్యగారు అడిగి, ఒక క్షణం ఆగారు. నేను వెనక్కి తిరిగి చూశాను, పుంగనూరు వాళ్ళెవరైనా లేస్తారేమోనని. ఎవరూ లేరు. నాన్న తన పేరు చదివినప్పుడు దగ్గాడు. ఆ తర్వాత ప్రార్థన అయ్యేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

గుమ్మం దగ్గర అందరికీ దారి ఇచ్చి మేం ఆఖరున బయటికొచ్చాం. మామూలే.

నవంబరు 3, సోమవారం

దీన్ని వివరంగా రాసుకోవాలి.

నాన్న సెలవు పెట్టాడు. ఆయన సెలవు పెట్టడం ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఒంట్లో బాగా లేదనుకున్నాం. పెరట్లో కూర్చుని క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ పీచుతో తోమాడు, కడిగాడు, తన టవలుతో తుడిచి ఎండలో పెట్టాడు. అమ్మ పళ్ళెం నిండా కజ్జికాయలు చేసి, పెడతానని వచ్చి నిలబడింది.

"వద్దు" అన్నాడు నాన్న.

"మురుకులు పెట్టేదా?"

"ఏమీ వద్దు రెజీనా."

అమ్మ పళ్ళెం పట్టుకునే కింద కూర్చుంది. నాన్న ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గడియ వేసి, చెప్పులు వేసుకున్నాడు. స్కూలుకు ఫోన్ చేసి నాకూ ఒంట్లో బాగా లేదని చెప్పి నేనూ వెంట వెళ్ళాను.

బస్సులో శంకరప్ప అలవాటుగా క్యారియర్ అందుకుని పైకెత్తాడు. చెయ్యి చాలా పైకి వెళ్ళిపోయింది. క్యారియర్ వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు, దాన్ని మెల్లగా నా ఒళ్ళో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు. మాకు టికెట్లు కొట్టడం కూడా మర్చిపోయాడు. నాన్నే పిలిచి కొట్టించుకున్నాడు. దారిలో ఒకామె బిడ్డనెత్తుకుని ఎక్కింది, నాన్న లేచి సీటిచ్చేశాడు. ఈయన మారలేదు, క్యారియర్ మాత్రం ఖాళీగా ఉంది, దీని అర్థం ఏమిటో ఈయనకైనా తెలుసో లేదో అనుకున్నాను.

పుష్పమ్మ గారు వాకిట్లో అనపకాయలు ఒలుస్తున్నారు. నేను అనుకున్నంత పెద్ద మనిషి కాదు. నా భుజం దాకా వస్తారేమో. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో లేచారు. దగ్గరికి రాలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ అక్కడే నిలబడి నన్ను చూశారు. రూబెన్ లోపల నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు.

నాన్న కూర్చున్నాడు. క్యారియర్ అందించాడు.

ఆవిడ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. అయినా గడియ తీశారు. పై గిన్నె చూసి అరుగు మీద పెట్టారు. దాని కిందది తీసి చూశారు, పక్కన పెట్టారు. ఆఖరి గిన్నె దాకా అలాగే చూశారు. అరుగు మీద ఖాళీ గిన్నెలు వరసగా ఎండకు మెరిశాయి. పక్కింటావిడ కూడా గోడ మీద నుంచి చూస్తోంది.

"ఖాళీగా తెచ్చినావే జయరత్నం."

"అవునమ్మా."

"ఇంట్లో ఏమీ లేకనా?"

"అన్నీ ఉండాయమ్మా. రెజీనా కజ్జికాయలు చేసి పెట్టింది. నేనే వద్దన్నా."

నాన్న టవలుతో మొహం తుడుచుకున్నాడు.

"పాపను చర్చిలో నేనే నడిపిస్తానమ్మా" అన్నాడు. "మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తా. కాళ్ళు పెట్టుకునేదానికి స్టూలు వేయిస్తా. మాత్రలు అయిపోతే నేనే తెచ్చిస్తా. మీరు ఇంకేమడిగినా ఇస్తా. అది మాత్రం ఇయ్యను. అది నాది."

అప్పుడు చూశాను నేను. పుష్పమ్మ గారు నిలబడి ఉన్నారు, రూబెన్ నిలబడి ఉన్నాడు, నేను నిలబడి ఉన్నాను. మా నాన్న కూర్చునే ఉన్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని మరీ కూర్చున్నాడు.

"వాడు వచ్చేవాడు కాదులే" అన్నారు ఆవిడ. "వస్తానన్నాడని నేనే చెప్పుకుంటాండా. ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తనే లేదు. నా కొడుకు పేరన్నా బిడ్డ పక్కన ఉండాలని ఆశ. ముసల్దాన్ని కదా, ఆశ చావదు."

అరుగు మీద కూర్చుని ఒక గిన్నె తీసుకుని లోపల వేలు పెట్టి రుద్ది చూశారు.

"నువ్వే కడిగినావా?"

"నేనేనమ్మా."

"బాగా కడిగినావు. నా కోడండ్లు ఒక్కరన్నా ఇట్ల కడగలే" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదు పాపా."

బస్సులో వస్తూ నేను సిద్ధం చేసుకున్నవి చాలా ఉన్నాయి. చంటిపిల్లతో అమ్మను ఎలా పంపించారు, ఇన్నేళ్ళు ఎక్కడున్నారు, నా పేరు మీద మీకేం హక్కు. అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఒకటి మాత్రం అన్నాను.

"మా అమ్మను నువ్వు పంపించేసినావు. అది నేను మర్చిపోను అవ్వా."

"మర్చిపోవద్దులే" అన్నారు. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేకపోయారు.

మిగతావి అడగలేకపోయాను.

"పెండ్లికి రా. గిన్నె మాత్రం తేవద్దు" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. ఎవరెక్కినా నేను లేచి సీటిచ్చాను గానీ ఆయన్ను లేపనివ్వలేదు.

నవంబరు 4, మంగళవారం

నిన్న ఆవిణ్ణి 'అవ్వా' అన్నాను. నోరు జారింది.

నవంబరు 15, శనివారం

శంకరప్ప బస్టాండులో కనిపించాడు. రెండు శనివారాలుగా ఏమీ రాలేదట. చిక్కిపోయినట్టు కనిపించాడు.

నవంబరు 21, శుక్రవారం. కుప్పం

నిన్న పెళ్లి అయ్యింది.

చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. గులాబి రంగు. నల్ల కళ్ళద్దాల మనిషి ఉండాల్సిన చోట పెద్ద గులాబీ పువ్వు అంటించారు. అన్నిటికంటే పైన, అందరికంటే పెద్దగా నాన్న. ఆస్పత్రి గుర్తింపు కార్డు మీది ఫోటో. పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉన్నాడు. పక్కన అమ్మ, ఎక్కడి నుంచి సంపాదించారో, పద్దెనిమిదేళ్ళ అమ్మ. కుడి మూలలో శంకరప్ప ఎక్కడివాడక్కడే ఉన్నాడు. అమ్మ ఫ్లెక్సీ వైపు చూసింది. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడుగుతోంది, పెళ్లయ్యాక దాన్ని విప్పేటప్పుడు చింపకుండా విప్పమని.

అవ్వ ముందు వరసలో స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. వట్టి చేతులతో వచ్చింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కొంగులో దాచుకుంది. అమ్మ అదే వరసలో ఈ చివర కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఎవరినీ కూర్చోనివ్వలేదు.

నాన్న పెరట్లో నడిచినట్టే నడిచాడు. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు. జామచెట్టు నుంచి తొట్టి దాకా ఉన్న దూరం అయిపోగానే అలవాటుగా ఆగిపోయి, నా వైపు తిరిగి తల వంచాడు. ఇంకా సగం చర్చి ఉంది. "నడువు నాన్నా" అన్నాను. ఇంతలో ఎవరి పిల్లో దారికి అడ్డంగా పరిగెత్తితే, నన్ను పట్టుకునే పక్కకు జరిగి దారి ఇచ్చాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ముందుకు చేరాక అయ్యగారు పుస్తకంలో చూసి అడిగారు.

"ఈమెను ఇచ్చువారు ఎవరు?"

నాన్న, ఎవరేమడిగినా లేదనలేని మనిషి, నా మోచెయ్యి పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. వినపడలేదేమోనని అయ్యగారు ఇంకాస్త గట్టిగా అడిగారు. ముందు వరసలో అవ్వ గొంతు సవరించుకుంది. అమ్మ చటుక్కున అటు చూసింది.

"నేనే" అన్నాడు నాన్న.

అన్నాడు గానీ చెయ్యి వదల్లేదు. మహేష్ వచ్చి, చాలా మర్యాదగా, ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

నవంబరు 24, సోమవారం. కుప్పం

వంటింట్లో సామాను సర్దుతుంటే బియ్యం డబ్బా వెనక నాన్న క్యారియర్ కనిపించింది. రోజూ ఆస్పత్రికి అన్నం తీసుకెళ్ళే పాత క్యారియర్. గడియ వంకర పోయి ఉంటుంది, మూత మీద 'జయరత్నం' అని కొట్టించి ఉంటుంది. తీసి చూస్తే పై గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ, కింది గిన్నెలో మా పెరటి జామకాయలు.

ఫోన్ చేశాను.

"అట్లనా. నిన్ను దిగబెట్టేదానికి వచ్చినప్పుడు మర్చిపోయినట్టుండా పాపా" అన్నాడు.

"బియ్యం డబ్బా వెనక ఎట్లా మర్చిపోతావు నాన్నా?"

అవతల దగ్గు వినిపించింది.

"మరి అన్నం దేంట్లో తీసుకుపోతాండావు?" అన్నాను.

"ఏదో డబ్బాలో తీసుకుపోతాండాలే. తొందరేం లేదు. నువ్వు వచ్చేటప్పుడు తెచ్చియ్యి."

మహేష్ అవతలి గది నుంచి, రేపు ఎవరో మదనపల్లె వెళ్తున్నారు, వాళ్ళ చేత పంపించేద్దామన్నాడు. వద్దన్నాను. ఆదివారం నేనే తీసుకెళ్తాను. ఖాళీగా తీసుకెళ్ళకూడదు కదా, ఏదో ఒకటి చేసి పెట్టాలి. ఓళిగలైతే నాన్నకు ఇష్టం. పూర్ణం ఎలా రుబ్బాలో నాకు రాదు, అమ్మకూ రాదు. చేయడం వచ్చినవాళ్ళను దారిలో దిగి అడగాలి. కుప్పం నుంచి మదనపల్లెకు పోయే బస్సు ఎలాగూ పుంగనూరు మీదుగానే వెళ్తుంది.